మౌంటు కింద దాచిన చేపకన్య

ఫ్రేములు కట్టే పని నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చేవాళ్ళు ముందుగా మిషన్ల గురించి అడుగుతారు. మూలలు కోసే మిషన్ ఏది కొనాలి, అద్దం ఎక్కడ తెప్పించుకోవాలి, జనం ఫొటోలు ఫోన్లలోనే చూసుకుంటుంటే ఈ పని ఇంకెన్నాళ్ళు నడుస్తుంది. మొదటి రెండింటికీ జవాబు ఏ కొట్లో అడిగినా చెప్తారు. మూడోదానికి జవాబు నాకూ తెలియదు. ఆర్మూరులో నా కొట్టు మూసేసి ఏడాది దాటింది. మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. అంతకుముందు ఇరవై ఏళ్ళకు పైగా బహ్రెయిన్‌లో ఇదే పని చేశాను. మా వైపు వాళ్ళకు ఆ దేశాలన్నీ దుబాయే. సెలవు మీద ఊరికి వస్తే దుబాయి లింబాద్రి అనేవాళ్ళు, నేనూ సరిదిద్దలేదు.

వీసా ఎప్పుడు మారింది, జీతం ఎప్పుడు పెరిగింది అన్న సంగతులు ఇక్కడ రాయను. గల్ఫ్ వెళ్ళొచ్చిన ఎవరిని కదిపినా అవి గంటల తరబడి చెప్తారు. నేను చేసిన తప్పులు రాస్తాను. వాటిలో ఒకటి పెద్దది. దాని కోసమే ఈ కాగితాలు మొదలుపెట్టాను, మిగతావి దారిలో తగులుతాయి.

విప్పడం నేర్పిన ఉస్తాద్

మా నాన్న వడ్ల పని, అంటే వడ్రంగం, చేసేవాడు. నేను మాత్రం బహ్రెయిన్‌కు కూలీగా వెళ్ళాను, సిమెంటు మోసే డ్యూటీ. క్యాంపులో ఒకసారి మంచం కాలు విరిగితే పారేసిన చెక్కతో కొత్త కాలు చేసి బిగించాను. ఫోర్‌మన్ అది చూసి మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి, కఫీల్‌కు, చెప్పాడు. కఫీల్‌కు మనామాలో గుదైబియా అనే పేటలో ఒక ఫ్రేముల దుకాణం ఉంది. ఆ మంచం కాలు పుణ్యమా అని ఎండలోంచి నీడకు వచ్చాను.

దుకాణంలో ఉస్తాద్ లక్నో మనిషి, అప్పటికే అరవై దాటాయి. తియ్యని మనిషి అని చెప్పలేను. పొగడ్త ఆయన నోట్లోంచి రాదు. నేనేదైనా పాడుచేస్తే కస్టమర్ ముందు తప్పు తనదేనని ఒప్పుకునేవాడు. వాళ్ళు వెళ్ళాక తలుపు వేసి నన్ను ఏకిపారేసేవాడు. అప్పట్లో మనసు చివుక్కుమనేది. తర్వాత ఎందరో పైవాళ్ళను చూశాను, చాలామంది దీన్నే తిరగేసి చేస్తారు, తప్పును అందరి ముందూ మన మీదకు తోసి, గదిలోకి పిలిచి భుజం తడతారు. నాకు ఉస్తాద్ పద్ధతే నయమనిపిస్తుంది.

మొదటి ఆరు నెలలు ఆయన నన్ను ఒక్క ఫ్రేము కూడా కట్టనివ్వలేదు. పాతవి విప్పించాడు. బాగుచెయ్యమని వచ్చిన ప్రతిదీ నా ముందు పెట్టేవాడు. మేకు ఎక్కడ తుప్పు పట్టింది, జిగురు ఎక్కడ పసుపు మరక వేసింది, కాగితాన్ని పురుగు ఏ వైపు నుంచి తిన్నది, చూసి చెప్పాలి. బహ్రెయిన్ చుట్టూ సముద్రం, గాలి నిండా చెమ్మ. బయట ఉక్క, లోపల ఏసీ. అద్దం లోపలివైపు తడి చేరుతుంది, బొమ్మ అద్దానికి ఆనుకుని ఉంటే అతుక్కుపోతుంది. అందుకే రెండింటి మధ్యా మౌంటు పెడతాం. మౌంటు అంటే మందపాటి అట్ట, మధ్యలో కిటికీలాగా కోసి ఉంటుంది. ఆ కిటికీలోంచే బొమ్మ కనపడుతుంది. కిటికీ ఎంత కొయ్యాలన్నది ఫ్రేము కట్టేవాడి చేతిలో ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితోనే పని.

సల్మానియా ఆసుపత్రిలో పనిచేసే ఒక కేరళ నర్సు పెళ్ళిఫొటోకు తొందరలో నేను మౌంటు పెట్టలేదు. రెండు వేసవులు గడిచాక ఆమె దాన్ని పట్టుకొచ్చింది. ఎంత మెల్లగా తీసినా పెళ్ళికొడుకు ఎడమ చెంప అద్దం మీదే ఉండిపోయింది. ఆమె అద్దం కూడా గుడ్డలో చుట్టి ఇవ్వమంది. ఆయన ముఖం సగం అందులో ఉంది కదా, ఇక్కడెందుకు వదిలేసి పోవాలి అంది. ఆ రోజు తలుపు వేశాక ఉస్తాద్ తిట్లన్నీ అయిపోయాక ఒక మాట అన్నాడు. "లింబా, నువ్వు చేసింది ఏదైనా సరే, నీ తర్వాతివాడు విప్పితే బొమ్మ ఎలా వచ్చిందో అలాగే బయటికి రావాలి. బొమ్మ నీది కాదు భాయ్."

విన్నాను. అర్థమైందనే అనుకున్నాను.

దండ వేసిన రాజు

రాజుల ఫొటోలు ఈ పనిలో ఎప్పుడూ ఉంటాయి. బహ్రెయిన్‌లో ఏ దుకాణంలోకి వెళ్ళినా గోడ మీద ఆ దేశపు పాలకుల ఫొటోలు ఉండేవి. చూసేవాడి కళ్ళకు కాస్త పైన, వంకర లేకుండా కట్టాలి. రాజుల గురించి నాకు తెలిసింది అంతే.

కువైట్ యుద్ధం అయిపోయిన రెండు మూడేళ్ళకు అద్లియాలో ఒక థాయ్ హోటల్ తెరవడానికి పనులు మొదలయ్యాయి. నడపబోయేది నోయి మేడమ్. యాభై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, అంతవరకు మనామాలో వేరేవాళ్ళ వంటగదుల్లో పనిచేసింది. హిందీ వంటింటికి సరిపడే నాలుగు ముక్కలే వచ్చు. ఆమె దగ్గర గిన్నెలు కడిగి గదులు ఊడ్చే సత్యవతిది రాజోలు వైపు. రెండేళ్ళుగా వెంట ఉండి మేడమ్ భాష బాగానే పట్టింది. మేడమ్ మాట నాకు చేరాలన్నా, నాది మేడమ్‌కు చేరాలన్నా సత్యవతి నోటి మీదుగానే.

గోడ కొలతలకు వెళ్ళిన మొదటిరోజు, బల్ల మీద రాజదుస్తుల్లో ఉన్న ఒక పెద్దమనిషి ఫొటో కనపడింది. దానికి తెల్లపూల దండ. మనకు దండ వేసిన ఫొటో అంటే ఒకటే అర్థం. నేను చేతిలో టేపు పక్కన పెట్టి, గొంతు తగ్గించి, "ఎప్పుడు పోయిండ్రు పాపం?" అని అడిగాను. నోయి మేడమ్ సత్యవతి వైపు చూసింది. సత్యవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయన బతికే ఉన్నారండి అన్నయ్యగారూ. వాళ్ళ రాజుగారండి. వాళ్ళు బతికున్నోళ్ళకే దండేస్తారండి. వచ్చిన కొత్తలో నేనూ ఇలాగే ఏడవబోయేనండి."

"మరి నేనేమన్ననో ఆమెకు చెప్పకు చెల్లె."

"సెప్పేశానండి. అన్నం తిన్నారా అని అడుగుతున్నారన్నాను."

అప్పటికే మేడమ్ లోపలికి వెళ్ళి ఒక పళ్ళెం నిండా అన్నం, కొబ్బరిపాల కూర తెచ్చి నా ముందు పెట్టింది. చేసిన పాపానికి కడుపు నిండా తిన్నాను. కూర బాగుంది.

తర్వాత గోడ దగ్గర పేచీ వచ్చింది. కట్టాల్సినవి రాజుగారి ఫొటో ఒకటి, వాళ్ళ రామకథ బొమ్మలు పన్నెండు. మా ఇంట్లో దేవుళ్ళ పటాలు పైన ఉంటాయి, మనుషుల ఫొటోలు కింద. అదే లెక్కన నేను పెన్సిల్‌తో పైన పన్నెండు గుర్తులు, కింద మధ్యలో ఒక గుర్తు పెట్టాను. మేడమ్ నా చేతిలో పెన్సిల్ తీసుకుని మొత్తం తారుమారు చేసింది. రాజు పైన, కథంతా కింద.

"దేవుని మీద మనిషిని ఎట్ల వెడ్తరు చెల్లె, అడుగు."

సత్యవతి అడిగింది. జవాబు చాలాసేపు వచ్చింది. మేడమ్ చేతులు గాలిలో ఊరేగాయి.

"రాజుగారి పేరే రాముడంటండి. ఒకాయన తర్వాత ఇంకొకాయన, అందరిదీ అదే పేరంట, ఎనకాల అంకె మారతాదంట. పూర్వం వాళ్ళ రాజధాని పేరు కూడా అయోధ్యేనంటండి. శత్రువులొచ్చి తగలబెడితే కథ రాసిన పుస్తకాలు కూడా శానా మట్టుకు కాలిపోయాయంట. కొత్తగా కోట కట్టిన రాజు కోటతో పాటు కథని కూడా మళ్ళీ రాయించాడంటండి. ఆయన కొడుకు రాజయ్యాక దాన్నే ఆటలాడ్డానికి పనికొచ్చేలా మళ్ళీ రాశాడంట."

"రాజే కూసోని రాసిండా?"

"కూర్చునే రాశాడంటండి. గుడి గోడల మీద బొమ్మలు గీయించేరంట, రాళ్ళ మీద సెక్కించేరంట. అందుకని రాజు కింద కథ ఉంటే కథకు తక్కువేం కాదంటుందండి. ఆ కథని నిలబెట్టింది ఆయన తాతలే కదా అంటుంది."

మన ఊళ్ళలో రాజులు గుళ్ళు కట్టించారని విన్నాను, చెరువులు తవ్వించారని విన్నాను. కాలిపోయిన కథను కోటతో సమానంగా మళ్ళీ కట్టించిన రాజు గురించి వినడం అదే మొదటిసారి. నాకు చాలా నచ్చింది. పెన్సిల్ గుర్తులు రబ్బరుతో తుడిచి ఆమె చెప్పినట్టే పెట్టాను.

నేను పెట్టిన మడత

ఆ పన్నెండు బొమ్మలు గీసినవి కావు. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే బిళ్ళ అచ్చు వచ్చేది గుర్తుందా, అలా తీసినవి. గుళ్ళో చెక్కిన రాళ్ళ మీద పల్చటి కాగితం పరిచి నల్లపొడి అద్దితే, ఎత్తుగా ఉన్నచోటల్లా నలుపు ఎక్కి బొమ్మ తేలుతుంది. నోయి మేడమ్ నాన్న వయసులో ఉన్నప్పుడు ఆ పని చేసేవాడట. తర్వాత రాళ్ళు అరిగిపోతున్నాయని అసలు రాళ్ళ మీద కాగితం పెట్టనివ్వడం మానేశారట. ఆయనా పోయాడు. అంటే ఆ కాగితాలు పాడైతే మళ్ళీ తెచ్చుకునే దారి లేదు. ఇదంతా నాకు చెప్పే ఇచ్చింది. "ఎత్తు అన్నిటికీ ఒకటే ఉండాలి" అని మాత్రం గట్టిగా చెప్పింది. రాజుగారి పుట్టినరోజున హోటల్ తెరవాలి. చలికాలం మొదలవుతోంది.

ఉస్తాద్ అప్పుడు సెలవు మీద లక్నోలో ఉన్నాడు. దుకాణం నా చేతిలో ఉంది. నా రొమ్ము నాలుగు అంగుళాలు పొంగి ఉంది.

పదకొండు కాగితాలు ఒకే కొలత. ఏడోది మాత్రం పక్కకు పొడుగ్గా ఉంది. విప్పి బల్ల మీద పరిచాను. ఎడమవైపు హనుమంతుడు. మన దగ్గరిలాగా కాదు, తలకు కిరీటం, ఒళ్ళంతా నగలు, అయినా ఆ తోక, ఆ మూతి చూడగానే పోల్చుకున్నాను. ఎదురుగా ఒక ఆడమనిషి. నడుము దాకా మనిషి, కింద చేప. ఆమె చెయ్యి ఆయన పిడికిట్లో ఉంది. ఆయన ముఖంలో కోపం లేదు. పెళ్ళిచూపులకు వచ్చినవాడి ముఖం అది.

నేను కొండగట్టు అంజన్న భక్తుణ్ణి. అప్పటికి మూడుసార్లు మాల వేశాను, మంగళవారం నీసు ముట్టను. ఆయన బ్రహ్మచారి అన్నది నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన విషయం. నాతో ఒకే గదిలో ఉండే మెట్‌పల్లి గంగారాం, మేస్త్రీ పని చేసేవాడు, ఆ మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి దుకాణానికి వచ్చాడు. బల్ల మీద బొమ్మ చూసి ఆగిపోయాడు.

"గిదేంది లింబన్నా? అంజన్న పక్కన ఆడిమనిషా?"

"ఆళ్ళ కథల గట్లున్నదేమో."

"ఆళ్ళ కథల ఏమున్నా, కట్టేది నువ్వు గద. రేపు మనోళ్ళు ఆ హోటల్‌కు వోతే ఏమంటరు? నీ చేతుల మీద అంజన్నను గిట్ల నిలవెడ్తవా?"

తప్పు గంగారాం మీదకు నెట్టడం లేదు. అతను అనకముందే నా మనసులో అదే ఉంది. ఎత్తు ఒకటే ఉండాలి అంది కదా, వెడల్పు కూడా ఒకటే ఉంటే వరుస అందంగా ఉంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. తప్పు చేయబోయే ముందు పనివాడికి ఇలాంటి కారణాలు చక్కగా దొరుకుతాయి. కాగితం కొయ్యలేదు. అంత ధైర్యం లేదు. కుడివైపు భాగాన్ని వెనక్కి మడిచి అట్ట వెనక అణిచిపెట్టాను. మౌంటు కిటికీని సరిగ్గా హనుమంతుడి పిడికిలి దగ్గర ఆపాను. అద్దం బిగించి, దూరం జరిగి చూసుకుని తృప్తి పడ్డాను. సముద్రం ఒడ్డున ఒంటరిగా నిలబడ్డ అంజన్న. మనసులో దణ్ణం కూడా పెట్టుకున్నాను.

అడగడానికి అద్లియా ఎంత దూరమని. నడిచి వెళ్ళినా అరగంట.

ఎవరి చెయ్యి

వారం తర్వాత సోమవారం నాడు పన్నెండూ తీసుకెళ్ళి గోడకు కట్టాను. పైన రాజుగారు, దండతో సహా. కింద కథ. సత్యవతి నిచ్చెన పట్టుకుంది. అయిపోయాక నోయి మేడమ్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రాజుగారికి దణ్ణం పెట్టి, ఒక్కొక్క బొమ్మా చూస్తూ నడిచింది. ఏడో దాని దగ్గర ఆగింది. నవ్వింది.

నేను కూడా నవ్వాను. సత్యవతి నిచ్చెన వదిలేసి నా పక్కకు వచ్చి మెల్లగా అంది.

"నవ్వకండి అన్నయ్యగారూ. ఈవిడ అరవదండి. కోపమొస్తే ఇలాగే నవ్వుతాది."

మేడమ్ వేలు హనుమంతుడి పిడికిలి మీద పెట్టింది. ఒక ప్రశ్న అడిగింది.

"ఎవరి చెయ్యి పట్టుకున్నాడు అని అడుగుతుందండి."

ఫ్రేము దింపి, బల్ల మీద బోర్లా పెట్టి, వెనక కాగితం చించి, మేకులు తీశాను. నా చేతులతో నేనే కట్టినదాన్ని విప్పడం అంత కష్టంగా ఎప్పుడూ లేదు. మడత తెరిచాను. వారం రోజులు అట్టకూ అట్టకూ మధ్య నలిగి, మడత పడిన చోట నలుపు ఊడిపోయింది. చేపకన్య మోచేతి మీదుగా పైనుంచి కిందికి ఒక తెల్లటి గీత.

మేడమ్ నవ్వు ఆగిపోయింది. కుర్చీలో కూర్చుని సత్యవతితో చాలా తక్కువ మాటలు మాట్లాడింది.

"వాళ్ళమ్మగారు గురువారం దిగుతున్నారంటండి. హోటల్ తెరిచేది ఆవిడ చేతే. వయసులో ఉండగా ఆటమేళంలో ఈ చేపపిల్ల ఏషం ఆవిడే కట్టేదంటండి. వాళ్ళ నాన్నగారు ఆ ఆట చూసే ఆవిడ్ని పెళ్ళి చేసుకున్నారంట. ఆ రాయి మీద కాగితం పరిచింది అందుకేనంట. మిగతా పదకొండూ అందరి కోసం తీసినవి, ఇది మాత్రం ఆవిడ కోసం తీసిందంట. ఆవిడొచ్చి ముందు దీన్నే ఎతుక్కుంటాదండి."

ఎందుకు చేశావని మేడమ్ అడిగింది. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

"మా అంజన్న బ్రహ్మచారి మేడమ్. ఆయన పక్కన ఆడామెను జూపెట్టుడు తప్పనుకున్న. నిన్ను అడగలే. అదే నా తప్పు."

సత్యవతి చెప్పింది. మేడమ్ జవాబు చెప్తూ గోడ పైకి చూపించింది, రాజుగారి వైపు. "మా రాజులు రాయించారు, రాయి మీద చెక్కించారు. ఎవరూ దాచలేదు. నువ్వు మడిచావా?" అన్నదట. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. కోట తగలబడితే కథను మళ్ళీ కట్టుకున్నవాళ్ళ బొమ్మను, ఆర్మూరు నుంచి వచ్చిన నేను అరగంటలో మడతపెట్టాను.

వాళ్ళ కథ అప్పుడు చెప్పింది. లంకకు వారధి కడుతుంటే రాళ్ళు మాయమైపోయేవట. హనుమంతుడు నీళ్ళలోకి దూకి చూస్తే చేపలు రాళ్ళు ఎత్తుకుపోతున్నాయి. ఆ చేపలకు నాయకురాలు ఈ అమ్మాయి, లంక రాజు కూతురు. ఆయన ఆమెను పట్టుకున్నాడు, కొట్టడానికి చెయ్యి రాలేదు. ఆమె రాళ్ళు తిరిగి తెప్పించింది. వాళ్ళకు ఒక కొడుకు పుట్టాడు.

కొడుకు అన్న మాట వినగానే సత్యవతి చీపురు పక్కన పడేసింది.

"అన్నయ్యగారూ, హనుమంతుడికి కొడుకున్నాడు కదండీ. మా ఊరి ఆటల్లో ఉందండి. పాతాళం గుమ్మం కాడ కాపలా ఉంటాడు, తండ్రీ కొడుకులు ఒకళ్ళనొకళ్ళు తెలీక కొట్టుకుంటారు."

నాకూ గుర్తొచ్చింది. మా ఊళ్ళో భాగోతం ఆడితే ఆ ఘట్టం దగ్గర పిల్లలం లేచి నిలబడేవాళ్ళం. సముద్రం దాటుతుంటే ఆయన చెమటచుక్క జారి నీళ్ళలో పడింది, ఒక చేప మింగింది, కొడుకు పుట్టాడు. చిన్నప్పటి నుంచీ విన్న కథ. చేప తల్లి అక్కడా ఉంది. మనం ఆమెను ఒక చుక్క వెనక పెట్టాం. నేను అట్ట వెనక పెట్టాను.

సత్యవతి అది మేడమ్‌కు చెప్పింది. మేడమ్ రెండుసార్లు అడిగించుకుంది. "చెమటకా?" అని. ఈసారి నిజంగానే నవ్వింది. సత్యవతి నా వైపు చూసి తల ఊపింది, భయం లేదన్నట్టు. అయినా కాగితం మీద గీత అలాగే ఉంది. గురువారానికి మూడు రోజులు.

ఇస్త్రీపెట్టెల బరువు

మంగళవారం పొద్దున ఉస్తాద్ లక్నో నుంచి దిగాడు. సామాన్ కింద పెట్టకముందే మొత్తం చెప్పేశాను. తలుపు వేస్తాడని ఎదురుచూశాను. వెయ్యలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం మీద వంగి, "మేడమ్ ఏమంది?" అన్నాడు. ఆమె మాట చెప్పాను. "నేను తిట్టడానికి ఆమె ఇంక ఏం మిగల్చలేదు" అని చేతులు కడుక్కుని పనిలో కూర్చున్నాడు.

నేర్చుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. పల్చటి కాగితం మీద మడత పోవాలంటే నేరుగా నీళ్ళు తగలకూడదు. సిరా అద్దే కాగితాన్ని చెమ్మగా చేసి, దాని మీద పొడిది, దాని మీద బొమ్మను పెట్టి, తడి ఊపిరిలా తగిలేలా చూడాలి. కాగితం మెత్తబడ్డాక రెండు పొడి కాగితాల మధ్య పెట్టి, పైన అద్దం పలక కప్పి, బరువు పెట్టి వదిలేయాలి. ఉస్తాద్ పక్క లాండ్రీకి వెళ్ళి పెద్ద ఇస్త్రీపెట్టెలు నాలుగు, వేడి లేకుండా, అడిగి తెచ్చాడు. వాటిని నాలుగు మూలలా పెట్టి, అద్దం ఎత్తి చూడాలనిపిస్తే టీ తాగి రమ్మన్నాడు. ఆ రెండు రోజుల్లో ఎన్ని టీలు తాగానో.

బుధవారం సాయంత్రం తీశాం. మడత చదునైంది. తెల్లగీత మాత్రం పోలేదు, ఊడిన నలుపు మళ్ళీ రాదు. నేను సన్నటి బ్రష్షూ నల్లపొడీ తీసుకుని కూర్చున్నాను. కొంచెం అద్దితే ఎవరికీ తెలియదు.

ఉస్తాద్ బ్రష్షు లాక్కున్నాడు. "ఆ నలుపు వాళ్ళ నాన్న చేత్తో అద్దింది. అందులో నీ నలుపు కలుపుతావా? ఒకసారి దాచావు, చాలు. ఖలాస్."

కొత్త ఫ్రేము కట్టాను. ఎత్తు మిగతావాటితో సమానం, వెడల్పు బొమ్మకు ఎంత కావాలో అంత. మౌంటు కిటికీ చేపతోక కొసకు ఇంకో వేలెడు అవతల దాకా కోశాను. గోడ మీద వరుస చెదిరింది. ఒక పక్క ఆరు, ఇంకో పక్క ఐదు కాస్త దగ్గరికి జరపాల్సి వచ్చింది, పొడుగుది వాటి మధ్య పడింది. కొలత ప్రకారం అది వంకర. చూస్తే బాగానే ఉంది.

గురువారం

గీత పోలేదన్న సంగతి నోయి మేడమ్‌కు ముందే చెప్పాను. వాళ్ళమ్మకు నేనే చూపిస్తాను, తప్పు నాదేనని చెప్పు అన్నాను సత్యవతితో. ఉస్తాద్ ఎప్పటిలాగే తప్పు తనదని చెప్పుకోవడానికి బయల్దేరబోతే మొదటిసారి ఆయన్ని ఆపాను.

ముసలావిడ ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి, సన్నగా, నిటారుగా ఉంది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ముందుగా పైన రాజుగారి ఫొటోకు రెండు చేతులూ జోడించి తల వంచింది. తర్వాత కథ వెంట నడిచింది. మధ్యలో ఆగింది. నేను నిచ్చెన పక్కన నిలబడి ఉన్నాను.

దగ్గరికి వెళ్ళి ఆ తెల్లగీత చూపించాను. "ఇది నాతోటి అయ్యింది అమ్మా. నేనే మడిచిన" అన్నాను తెలుగులోనే. సత్యవతి చెప్పడం మొదలుపెట్టింది, ముసలావిడ ఆమె మాట పూర్తి కాకుండానే చెయ్యి ఎత్తి ఆపింది. అద్దానికి దగ్గరగా వంగి గీత ఎక్కడ మొదలైందో, ఎక్కడ దిగిందో చూసింది. అప్పుడు వెనక్కి రెండడుగులు వేసి, కుడిచెయ్యి ముందుకు చాచింది. వేళ్ళు వెనక్కి వంగాయి. తర్వాత మోచెయ్యి, మనకు వంగని వైపుకు, మెల్లగా వంగింది. నేను భయపడి చెయ్యి విరుగుతుందేమోనని ఒక అడుగు ముందుకు వేశాను. ఆవిడ ముఖంలో నొప్పి లేదు. గోడ మీద చేపకన్య చెయ్యీ, ఆవిడ చెయ్యీ ఒకే తీరుగా ఉన్నాయి. ఆవిడ చెయ్యి సరిగ్గా ఆ గీత పడిన చోటే వంగింది.

నోయి మేడమ్ వంటగది గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. సత్యవతి కళ్ళు తుడుచుకుంటూ ముసలావిడ మాట నాకు చెప్పింది.

"ఐదో ఏట నుంచీ ఆట నేర్పేవోళ్ళు రోజూ పొద్దున్నే మోచెయ్యి మోకాళ్ళ మధ్య పెట్టి ఇరిచి ఇరిచి వంచేవోరంటండి. నా చెయ్యి ఎప్పుడూ అక్కడే మడతపడేది, మా ఆయనకు రాయి మీద ఆ మడత దొరకలేదు, ఇప్పుడొచ్చింది అంటున్నారండి."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రెండు చేతులూ జోడించాను. తర్వాత నిచ్చెన ఎక్కి, ఫ్రేము కుడివైపు కొంచెం కిందికి జారినట్టు కనపడితే సరిచేసి దిగాను.